ఎంత కొట్టారని కాదు, ఎందుకు కొట్టారో రాయండి

ప్రశ్న: మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మా తమ్ముడు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటాడు. ఏరేటర్ల మోటార్లు పోయాయని గత ఆగస్టు 9న పోలీసులు పట్టుకెళ్లారు. మూడు రాత్రులు స్టేషన్లో ఉంచి, ఎక్కడ దాచావో చెప్పమంటూ అరికాళ్ల మీద లాఠీలతో కొట్టి వదిలేశారు. అరెస్టు చూపలేదు, కేసూ లేదు. ఇప్పటికీ సరిగా నడవలేడు, ఖాకీ చొక్కా కనపడితే వణికిపోతాడు. నేను హక్కుల సంఘంలో పనిచేస్తాను. జూన్ 26న హింస బాధితుల దినం సభ పెట్టి, తమ్ముడి ఫొటోలతో ఫ్లెక్సీ కట్టాం. పోలీసుల మీద కేసుకు మూడు నెలలే గడువని, లక్ష ఇప్పిస్తాను సంతకం పెట్టేయమని ఊరి పెద్దమనిషి అంటున్నారు. తెలిసిన డాక్టరు పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానన్నారు. టార్చర్ నిరోధక చట్టం కింద కేసు వేయవచ్చా?

జవాబు: అలాంటి చట్టం మనకు లేదు. ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 1997లో సంతకం చేశాం గానీ ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2010లో బిల్లు లోక్‌సభ దాటింది, చట్టం కాలేదు. కాబట్టి ఉన్న సెక్షన్లతోనే పని.

ఇక్కడ కుదించి వేసిన మీ ఉత్తరం అసలు నాలుగు పేజీలు. దాదాపు అంతా దెబ్బల గురించే. కేసును నిలబెట్టే మాటను మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు: ‘ఎక్కడ దాచావో చెప్పు’. ఫిర్యాదులో ఉత్త ‘కొట్టారు’ అని రాస్తే అది భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 115(2), ఏడాది వరకు శిక్ష, కేసుకు ఏడాదే గడువు. నేరం ఒప్పించడానికో, సొత్తు రాబట్టడానికో కొట్టారని రాస్తే సెక్షన్ 120. దానికి ఏడేళ్ల వరకు శిక్ష, ఎముక విరగడం లాంటి తీవ్ర గాయమైతే పదేళ్లు. దీనికి కాలపరిమితి లేదు. అడిగిన ప్రశ్నలు, అడిగినవాళ్లెవరు, తమ్ముడు ఏం చెప్పాడు, అన్నీ అతని మాటల్లోనే రాయించండి.

పెద్దమనిషి చెప్పిన మూడు నెలలు గాలి కబురు కాదు. మద్రాసు కాలం నాటి 1859 జిల్లా పోలీసు చట్టం 53వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ చట్టం ప్రకారం చేసిన పనికే ఆ గడువు. లాకప్‌లో కొట్టడం పోలీసు విధి కాదని, ఆ గడువు వర్తించదని వేణుగోపాల్ కేసులో (ఏఐఆర్ 1964 సుప్రీంకోర్టు 33) మన రాష్ట్రం నుంచి వెళ్లిన అప్పీలులోనే తేలిపోయింది.

నిజమైన గడువు వేరే ఉంది. ఘటన జరిగిన ఏడాది దాటితే మానవ హక్కుల కమిషన్ విచారణ చేపట్టదు (మానవ హక్కుల పరిరక్షణ చట్టం 1993, సెక్షన్ 36). ఆగస్టు 9కి నెల కూడా లేదు. స్టేషన్ సీసీటీవీ రికార్డింగు పద్దెనిమిది నెలలు, ఎట్టి పరిస్థితిలోనూ ఏడాదికి తగ్గకుండా ఉంచాలని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఏడాదీ అప్పుడే నిండుతుంది. సభకు మైకు సెట్ మాట్లాడుకునే తీరిక దొరికిన సంఘానికి, పదకొండు నెలల్లో ఒక్క రిజిస్టర్ పోస్టు పంపే తీరిక దొరకలేదా?

కమిషన్‌కు బాధితుడే రాయనక్కర్లేదు, అతని తరఫున మీరూ రాయవచ్చు, ఫీజు లేదు. ఈ వారమే పంపండి. ఆగస్టు 9 నుంచి 12 వరకు ఫుటేజీ తెప్పించమని అందులోనే అడగండి. జాతీయ, రాష్ట్ర కమిషన్లు రెండింటికీ పంపి గందరగోళం చేయకండి, ఒకటే ఎంచుకోండి. అరెస్టు చూపలేదు గనక అసలు స్టేషన్‌కే రాలేదంటారు. మీరు రుజువు చేయాల్సింది అదే. రోజూ క్యారేజీ పట్టుకెళ్లిన మరదలు, ఆమెను దింపిన ఆటో అబ్బాయి, వదిలిన రాత్రి ఆర్‌ఎంపీకి ఫోన్‌పే చేసిన డబ్బు, ఇవి మీ సాక్ష్యం. ఫ్లెక్సీ కోసం ‘న్యాయం కావాలి’ అని అక్షరాలు వేసిన ఫొటో కోర్టులో నిలవదు. వాట్సాప్‌లో తిరిగిన కాపీ కూడా బలహీనమే. ఫొటో తీసిన ఫోన్ ఎవరిదో చూసి, ఆ ఫోన్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇవ్వకుండా దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి తోడుగా పెట్టే సర్టిఫికెట్ (భారతీయ సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్) దాని మీదే ఇవ్వాలి.

ఇక ఆ డాక్టరు గడప తొక్కకండి. ఆ తేదీ ఓపీ రిజిస్టర్ తెప్పిస్తే పది నిమిషాల్లో బయటపడుతుంది. దొంగ సాక్ష్యం సృష్టించినందుకు న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు పడుతుంది. అంటే ఎస్సైకి పడాల్సిన ఏడేళ్లు మీకు పడతాయి, తమ్ముడి నిజమైన దెబ్బలూ అబద్ధమైపోతాయి. ఆలస్యంగా చేసిన పరీక్షకు విలువ లేదనుకోకండి. అరికాళ్ల దెబ్బల తాలూకు మార్పులు, భయం, నిద్రలేమి ఎలా నమోదు చేయాలో ఐక్యరాజ్యసమితి మార్గదర్శక పుస్తకం ఇస్తాంబుల్ ప్రోటోకాల్‌లో వివరంగా ఉంది. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకూ, మానసిక వైద్యుడికీ ఇవాళ్టి తేదీతోనే చూపించండి.

లక్ష కాగితం మీద సంతకం వద్దు. సెక్షన్ 120 రాజీకి వీలున్న నేరం కాదు, కేసు ఆగదు. రేపు బోనులో మాత్రం ఆ కాగితం చూపించి ‘డబ్బు కోసమే పెట్టారు’ అంటారు.

స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్ పోస్టు, ఆపైన అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు కోర్టు. మీరు ఎస్సీలై, కొట్టినవారు ఎస్సీ, ఎస్టీలు కాకపోతే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టమూ పరిశీలించాలి, అప్పుడు డీఎస్పీ స్థాయి అధికారి దర్యాప్తు చేయాలి. లాయరు ఖర్చుకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. పరిహారం కోసం హైకోర్టులో రిట్ వేయవచ్చు. లాకప్ మరణం మీద వచ్చిన నీలబతి బెహెరా కేసులో సుప్రీంకోర్టు 1993లోనే లక్షన్నర ఇప్పించింది. కానీ అది తర్వాతి సంగతి, ముందు కమిషన్‌కు ఉత్తరం పంపి ఆ పోస్టు రసీదు భద్రంగా ఉంచండి.