యాప్ ఆపలేదు కాబట్టి ఎగరేయొచ్చా?

ప్రశ్న: మా దగ్గర వరద వచ్చింది. ఎవరెక్కడ చిక్కుకున్నారో చూసి చెబుదామని డ్రోన్ తీశాను. యాప్‌లో హెచ్చరికేమీ రాలేదు. డ్రోన్ బరువు 249 గ్రాములే. అయినా పోలీసులు దించేయమన్నారు. నేను చేసిన తప్పేంటి?

జవాబు: వరదొచ్చినా, అడవి తగలబడినా వారం తిరక్కుండా నాకు ఇదే ప్రశ్న వస్తుంది. అందరిదీ ఒకటే వాదన: ‘యాప్ ఏమీ అనలేదు.’

యాప్‌లో ఎర్రగా కనిపించేవి ఎక్కువగా విమానాశ్రయాలు, సైనిక స్థావరాల్లాంటి ఎప్పుడూ ఉండే నిషేధాలు. విపత్తు వచ్చినప్పుడు పెట్టేది, సహాయక విమానాలకు, హెలికాప్టర్లకు ఆకాశం ఖాళీగా ఉంచే తాత్కాలిక నిషేధం. అది అప్పటికప్పుడు పుడుతుంది. వరదలో నెట్ పోతే మీ ఫోన్‌లో ఉండేది పాత మ్యాపే. ఇక 249 గ్రాముల సంగతి. చాలా దేశాల్లో డ్రోన్ ఇంత తేలికైతే రిజిస్ట్రేషన్ లాంటి తతంగం తప్పుతుందేమో గానీ, ఈ నిషేధం తప్పదు.

‘ఇంత చిన్నది విమానాన్ని ఏం చేస్తుంది?’ అనేవాళ్లకు 2025 జనవరి 9న లాస్ ఏంజెలెస్‌లో జరిగింది చెప్పాలి. అక్కడి పాలిసేడ్స్ ప్రాంతంలో రేగిన కార్చిచ్చు నష్టం చూద్దామని ఒకతను పార్కింగ్ భవనం పైనుంచి డ్రోన్ ఎగరేశాడు. అది 2,500 మీటర్లు దాటి వెళ్లి కంటికి కనిపించకుండా పోయింది. మంటలార్పుతున్న సూపర్ స్కూపర్ విమానం రెక్కకు తగిలి, సుమారు 3 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవున చిల్లు పెట్టింది. దాదాపు 12 సెకన్లలో 6,000 లీటర్ల నీళ్లు తోడుకోగల విమానం అది. మంటలు ఇంకా రేగుతుంటే మరమ్మతుకు వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. డ్రోన్ తగలక్కర్లేదు, కనిపించినా చాలు, పైలట్లు పని ఆపేసి పక్కకు వెళ్లాల్సి వస్తుంది.

ఇక్కడ నా కోపం వాడేవాళ్ల మీద మాత్రమే కాదు. అదే నెలలో అమెరికాలో ఒక పెద్ద తయారీ సంస్థ, నిషేధిత ప్రాంతాల్లో డ్రోన్‌ను లేవనివ్వకుండా చేసే తాళాన్ని అప్‌డేట్‌తో తీసేసింది. దాని బదులు ఒక హెచ్చరిక పెట్టింది. ‘సరే’ అని నొక్కితే చాలు, ముందుకెళ్లొచ్చు. బాధ్యత నడిపేవాళ్లదే అన్నారు. చట్టం ప్రకారం నిజమే కావొచ్చు. కానీ చదవకుండా ‘సరే’ నొక్కడం మనకు అలవాటు చేసిందెవరు? ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీలే కదా! అత్యవసర సేవలు నడిచే చోట్లనైనా ఆ తాళం ఉంచాల్సింది.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది రిటర్న్ టు హోమ్, అంటే డ్రోన్ తనంతట తానే వెనక్కి వచ్చే ఏర్పాటు. సిగ్నల్ తెగితే చాలా డ్రోన్లు ముందు సెట్టింగ్‌లో ఉన్న ఎత్తుకు లేస్తాయి, తర్వాత మీవైపు తిరుగుతాయి. ఆ ఎత్తు 100 మీటర్లు అనుకోండి. మీరు ఇళ్ల కప్పుల మీదుగా 20 మీటర్లలో జాగ్రత్తగా నడుపుతున్నా, సిగ్నల్ పోగానే అది సరాసరి రెస్క్యూ హెలికాప్టర్లు తిరిగే ఎత్తుకు పోతుంది. మీ చేతిలో అప్పటికి ఖాళీ స్క్రీన్ తప్ప ఏమీ ఉండదు. కొనేటప్పుడు కెమెరా గురించి వంద ప్రశ్నలు వేస్తారు, ఈ సెట్టింగ్ తెరిచి చూసినవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు.

సాయం చేయాలనుకోవడం మంచిదే. అయితే వరద రాకముందే సహాయక బృందాల దగ్గర పేరు ఇవ్వండి. రమ్మంటే వెళ్లండి, వాళ్లు చెప్పిన చోట, చెప్పిన ఎత్తులోనే ఎగరేయండి. తీసిన వీడియో వాళ్లకే ఇవ్వండి. గ్రూపుల్లో పెడితే ఏ వీధిలో ఇళ్లు ఖాళీగా ఉన్నాయో దొంగలకు చూపించినట్టే. అనుమతితో ఎగరేస్తున్నప్పుడు కూడా హెలికాప్టర్ చప్పుడు వినిపిస్తే రిటర్న్ బటన్ జోలికి పోవద్దు, అది ముందు పైకి లేస్తుంది. రిమోట్‌లో ఎత్తు మార్చే స్టిక్‌ను కిందికి లాగి, దగ్గర్లో ఖాళీ జాగా ఎక్కడుంటే అక్కడ దించేయండి.