జుట్టు పిండుకుంటున్న ఆ అమ్మాయి ఎవరు?

ప్రశ్న: నమస్తే అండీ, మాది వైజాగ్ వన్ టౌన్. మా తాతగారి ట్రంకుపెట్టె సర్దుతుంటే పాత సిగరెట్ కార్డులు అరడజను దొరికాయి, అన్నీ సముద్రంలో స్నానం చేస్తున్న తెల్లమ్మాయిల రంగు బొమ్మలే. ఒకామె నురుగులో నిలబడి రెండు చేతులూ ఎత్తి జుట్టు పిండుకుంటోంది, ఇంకోదాంట్లో బట్టలు మార్చుకునే చక్రాల గది చాటు నుంచి ఒకడు తొంగి చూస్తున్నాడు. అమ్మేమో పారేయమంటోంది. వీటి వెనక కథేమైనా ఉందా?

జవాబు: పారేయొద్దమ్మా, దయచేసి! 1880ల్లో అమెరికాలో సిగరెట్ పెట్టె నలిగిపోకుండా లోపల గట్టి అట్టముక్క పెట్టేవాళ్ళు, దాని మీద బొమ్మ వేస్తే జనం సెట్టు కోసం మళ్ళీ మళ్ళీ కొంటారని కంపెనీలకి తెలిసిపోయింది, న్యూయార్క్ కిన్నీ బ్రదర్స్ వాళ్ళయితే 1889లో అచ్చంగా సముద్రస్నానాల అమ్మాయిలతోనే ఒక సెట్టు వేశారు.

ఇక ఆ జుట్టు పిండుకునే భంగిమ ఉంది చూశారూ, అది రెండువేల ఏళ్ళ పైచిలుకు పాతది. గ్రీకుల ప్రేమదేవత ఆఫ్రొడైటీ సముద్రపు నురుగులోంచి పుట్టిందని కథ, వాళ్ళ భాషలో ఆఫ్రోస్ అంటేనే నురుగు. ఆమె నీళ్ళలోంచి పైకి వస్తున్నట్టు అపెల్లీస్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ ఎప్పుడో పోయింది గానీ, తడిజుట్టు పట్టుకున్న ఆ చేతులు మాత్రం విగ్రహాల్లో మిగిలిపోయాయి. 1863లో కబనెల్ అనే ఫ్రెంచాయన అదే దేవత పుట్టుకని కెరటం మీద పడుకోబెట్టి వేస్తే మూడో నెపోలియన్ చక్రవర్తే కొనుక్కున్నాడు. దేవత పేరు చెబితే చాలు, ఒళ్ళు కనపడే బొమ్మ కూడా మర్యాదస్తుల గోడెక్కేది. కార్డులు వేసినవాళ్ళు దేవతని తీసేసి స్నానాల డ్రెస్సు తొడిగారు, చేతులు మాత్రం అలాగే ఉంచేశారు, నాకు ఎప్పుడు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది.

తొంగిచూసేవాడిని చూస్తే నాకు పాత గ్రీకు కథలోని యాక్టియాన్ గుర్తొస్తాడు. వేటకెళ్ళి డయానా దేవత స్నానం చూసేశాడు, ఆమె వాణ్ణి దుప్పిగా మార్చేస్తే సొంత కుక్కలే చీల్చేశాయి. కార్డులో ఆ శిక్ష లేదు, ఒట్టి నవ్వులాట, అది నాకు నచ్చదు.

మన లక్ష్మీదేవి కూడా పాలసముద్రంలోంచి వచ్చిందే కదా, 1894లో రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టి ఆవిడని ఇంటింటికీ చేర్చింది కూడా ఈ కార్డుల్లాగే రాతిపలక మీద బొమ్మ గీసి తీసే అచ్చుతోనే. భూతద్దం పెట్టి ఆ అమ్మాయి బుగ్గ చూడండి, గులాబీ చుక్కలు, పసుపు చుక్కలు వరస లేకుండా చెదురుమదురుగా కనిపిస్తే అసలుదయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఒక్కో రంగుకీ ఒక్కో రాయి వాడి చుక్కలు చేత్తో పెట్టేవాళ్ళు; చుక్కలు గళ్ళల్లా వరసగా ఉంటే అది తర్వాతి అచ్చు కావచ్చు.

మన బీచ్ తేమకి అట్ట ఉబ్బిపోతుంది, లామినేషన్ మాత్రం చేయించకండి, ఒక్కో కార్డు మధ్య తెల్లకాగితం పెట్టి బీరువాలో పైఅరలో ఉంచండి. వెనకవైపు ఏం అచ్చేసి ఉందో రాసి పంపితే ఏ సెట్టులోదో చూద్దాం.