గునుగు పువ్వులో కూర్చున్నదెవరు?

పురుగుల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు. బతుకమ్మ పండుగ పుణ్యమా అని ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు, నాకు నచ్చినవి ఏరుకున్నాను.

ప్రశ్న: మేడం, బతుకమ్మ కోసం గునుగు పువ్వు కట్టలు కడుతుంటే ఒకదాంట్లోంచి తెల్లటి సాలెపురుగు బయటికొచ్చింది. ఎండ్రకాయ లెక్క పక్కకు నడుస్తోంది. మా పాప భయపడి పువ్వులన్నీ కింద పారేసింది. గూడు అల్లకుండా అది పువ్వులో ఏం చేస్తున్నట్టు? (పరకాల నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: వేటకు కూర్చుంది. దీన్ని పీత సాలీడు అంటారు, మీరు చెప్పిన ఆ పక్క నడక వల్లే ఆ పేరు. వల అల్లదు, ముందు కాళ్లు రెండు జతలు చాపుకుని కదలకుండా ఉంటుంది, తేనెటీగో సీతాకోకచిలుకో వాలగానే మెడ దగ్గర పట్టేస్తుంది. తనకంటే పెద్ద తేనెటీగను కూడా పడుతుంది. మనిషికి ఏమీ కాదు, పాపకు ధైర్యం చెప్పండి.

ఇది పువ్వు రంగులో కలిసిపోయి దాక్కుంటుందని చాలాకాలం అనుకున్నారు. సిడ్నీలోని మాక్వారీ విశ్వవిద్యాలయంలో హెర్బర్‌స్టైన్ అనే బిహేవియరల్ ఎకాలజిస్టు ఉండేవారు. జంతువు ఒక పని చేస్తే దానికి లాభమెంత, ఖర్చెంత అని లెక్క తీసే శాస్త్రం అది. ఆవిడ, సహచరులు కలిసి రెండు తెల్ల పువ్వులు పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద సాలీడును ఉంచి, తేనెటీగలు ఎటు వస్తాయో చూశారు. సాలీడు ఉన్న పువ్వుకే ఎక్కువ వచ్చాయి! 2003లో నేచర్ పత్రికలో అచ్చయింది. మన కంటికి పువ్వూ తెలుపే, సాలీడూ తెలుపే, కానీ తేనెటీగకు అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది, ఆ కాంతిలో సాలీడు పువ్వు మీద దీపం పెట్టినట్టు మెరుస్తుంది. అంటే దాక్కోవడం కాదు, రమ్మని పిలవడం.

నాకు ఇంకా నచ్చింది ఆ తర్వాతి ముచ్చట. ఆ తేనెటీగలు ఐరోపా నుంచి ఆస్ట్రేలియాకు తెచ్చుకున్నవి. అక్కడే పుట్టి పెరిగిన ఆస్ట్రేలియా తేనెటీగలతో మళ్లీ చూస్తే, అవి కూడా ఆ మెరుపుకు దగ్గరిదాకా వచ్చాయి గానీ, సాలీడును చూసి వాలకుండా వెళ్లిపోయాయి. తరతరాలుగా దాంతో వేగినవి కదా, వాటికి తెలుసు. ఐరోపాలో ఇదే కుటుంబం సాలీళ్లు మాత్రం నిజంగానే రంగులో కలిసి దాక్కుంటాయి, అందుకని మీ గునుగు పువ్వులో దాన్ని చూసి అన్నీ ఇంతే అనుకోవద్దు.

ప్రశ్న: ఆరుద్ర పురుగు పురుగేనా? (జనగామ)

జవాబు: కాళ్లు లెక్కపెట్టండి, కీటకానికైతే ఆరే ఉంటాయి, దీనికి ఎనిమిది. సాలీడుకు, తేలుకు, గోమారికి చుట్టం. మిరుగు దాటి వాన పడగానే ఉసిళ్లు లేస్తాయి, చెదలు బయటపడతాయి, అవే దానికి విందు, అందుకే అప్పుడే నేల మీదికొస్తుంది. అగ్గిపెట్టెలో దాచుకోకండి, పాపం.

ప్రశ్న: మాది హనుమకొండలో అపార్ట్‌మెంట్. టీవీ వెనక, ప్లగ్గు రంధ్రాల్లో, తలుపు సందుల్లో ఒక సన్న నడుము కందిరీగ మట్టి తెచ్చి గూడు కడుతోంది. ఒకటి పగలగొడితే లోపల అన్నీ సాలెపురుగులే, చచ్చి ఉన్నాయి. మా మామయ్య అది భ్రమర కీటక న్యాయం, పురుగును తెచ్చి కందిరీగగా మారుస్తుంది అన్నారు. నిజమా?

జవాబు: మీ మామయ్యకు నా నమస్కారాలు, ఆయన చెప్పింది మన పెద్దలు కళ్లారా చూసిందే. మట్టి గూట్లోకి పురుగు పోవడం చూశారు, కొన్ని వారాలకు అదే గూట్లోంచి కందిరీగ రావడం చూశారు, మధ్యలో లోపల ఏం జరిగిందో కనపడలేదు. పురుగు చుట్టూ భ్రమరం ఝుం ఝుం అంటూ తిరిగితే, ఆ ధ్యాసలో పురుగే భ్రమరమైపోతుందని వేదాంతానికి ఉపమానం చేసుకున్నారు. ఉపమానం బాగుంది, జీవశాస్త్రం తప్పింది.

మీ ఇంట్లోది ఆడ కందిరీగ. తడి మట్టి ఉండ నోట కరుచుకొచ్చి గది కడుతుంది, సాలీడును కుట్టి తెచ్చి అందులో పెడుతుంది, మొదట తెచ్చిన సాలీడు మీదే సాధారణంగా ఒక గుడ్డు పెట్టి, గది నిండా సాలీళ్లు కూరి, మట్టితో మూసేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ సాలీళ్లను ఒక్కొక్కటే తిని, పట్టు గూడు కట్టుకుని, రెక్కలొచ్చాక గుండ్రంగా బొక్క చేసుకుని ఎగిరిపోతుంది. గొంగళి పురుగులను తెచ్చిపెట్టే జాతులు వేరే ఉన్నాయి, వాటి గూడు చిన్న కుండలా ఉంటుంది.

కానీ మీరొకటి తప్పు చూశారు. అవి చచ్చిపోలేదు. పోయిన వేసవిలో మా ఇంట్లో కిటికీ చట్రం మీది గూడును స్క్రూడ్రైవర్‌తో విప్పి తెల్ల కాగితం మీద పోసి లెక్కపెడితే ఒక్క గదిలో పదకొండు సాలీళ్లున్నాయి. పిన్నీసు మొనతో ఒకదాన్ని తాకితే కాలు సన్నగా వణికింది. పొట్ట మెత్తగానే ఉంది, ఎండిపోలేదు. మా అత్తమ్మ చూసి ఇదేం పాడు పనే, వంటింట్లో అని తిట్టింది అనుకోండి. ఆ కందిరీగ విషం సాలీడును చంపదు, కదలకుండా చేస్తుంది. మే నెల వరంగల్ ఎండకు చచ్చిన సాలీడు గదిలో ఎన్ని రోజులు నిలుస్తుంది? కుళ్లిపోతుంది, లేదంటే ఎండిపోతుంది. పిల్లకు రోజూ తాజా తిండి కావాలి, అమ్మ దగ్గరుండదు, ఫ్రిజ్ లేదు. అందుకని ఈ ఏర్పాటు.

ఇంత కష్టపడి నింపిన గదికి దొంగలు కూడా ఉంటారు. నీలం ఆకుపచ్చ కలిసి తళతళలాడే ఇంకో కందిరీగ మీ టీవీ దగ్గర తచ్చాడుతుంటే గమనించండి, అది మట్టి తేదు, సాలీడును పట్టదు, వీళ్ల గూట్లోనే తన గుడ్డు పెట్టి పోతుంది. దాని పిల్ల అసలు వారసుణ్ణి తినేస్తుంది. గూడు కట్టే తల్లి గది కట్టడం, నింపడం, మూయడం అంత హడావిడిగా చేసేది ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

ప్లగ్గు రంధ్రాలకు మూత పెట్టండి. మిగతా గూళ్లు వదిలేస్తే నష్టం లేదు, ఇవి తుట్టె కందిరీగల్లాగా గుంపుగా మీద పడవు.

ప్రశ్న: తేలు పిల్లలు తల్లి వీపు చీల్చుకుని పుడతాయని, తల్లిని తినేస్తాయని మా ఊళ్లో అంటారు. నిజంగా అట్లుంటదా? (ములుగు జిల్లా నుంచి)

జవాబు: తేలు విషయంలో కాదు. తేలు గుడ్డు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అవి తెల్లగా మెత్తగా ఉండి తల్లి వీపెక్కి కూర్చుంటాయి, మొదటి కుబుసం విడిచేదాకా దిగవు. వీపు నిండా పిల్లలున్న తల్లిని చూసి పుట్టిన కథ అనుకుంటా. అసలు జరిగితే తిరగబడి జరుగుతుంది, ఆకలికో బెదురుకో తల్లే ఒకటి రెండు పిల్లల్ని తినేస్తుంది. నాట్లప్పుడు పొలంలో ఎండ్రకాయను తిరగేసి చూడండి, పొట్ట కింది మడతలో బియ్యపు గింజలంత పిల్ల ఎండ్రకాయలు కిటకిటలాడుతుంటాయి. దాన్ని చూసి కూడా పొట్ట పగిలింది అనేవాళ్లున్నారు.

అయితే తల్లిని తినే పిల్లలు లేరా అంటే, ఉన్నారు, మన దక్కన్ ముళ్ల కంచెల మీదే. రేగు కంపల మీద మాసిన దూది కుక్కినట్టు కనిపించే గూళ్లున్నాయి చూడండి, అవి స్టెగోడైఫస్ సారసినోరమ్ అనే సాలీళ్ల కాపురాలు. ఒక్కో గూట్లో వందల సాలీళ్లు కలిసి ఉంటాయి, కలిసి వేటాడతాయి, మగవి తక్కువ. సాలీళ్లలో ఇది చాలా అరుదు, మామూలుగా ఒకదాన్నొకటి తినేస్తాయి కదా. డెన్మార్క్‌లోని ఆర్హుస్ విశ్వవిద్యాలయం వాళ్లు కుప్పం దగ్గర వీటిని గమనించారు. ఆడవన్నీ గుడ్లు పెట్టవు, పెట్టనివి కూడా పిల్లల్ని సాకుతాయి, తిన్నది కక్కి నోటికందిస్తాయి. చివరికి పిల్లలు తల్లిని తినేస్తాయి.

ఇజ్రాయెల్‌లో వీటి చుట్టపు జాతి మీద చేసిన పరిశోధనలో, పిల్లలు తినడానికి ముందు నుంచే తల్లి పొట్టలోని కణజాలం కొంచెం కొంచెంగా కరగడం మొదలవుతుందని తేలింది. పిల్లలు మీద పడి చంపడం కాదన్నమాట, ఆమె ఒంట్లోనే ఆ ఏర్పాటు ఉంది. ఒకేసారి గుడ్లు పెట్టి ఆ ఏడుతో పోయే జీవికి, తన ఒళ్లే పిల్లల బువ్వ అయితే పిల్లలు బతికే లెక్క పెరుగుతుంది. ఇది క్రూరమా, త్యాగమా అని అడిగిన వాళ్లు ఇంతకు ముందూ ఉన్నారు, నాకు రెండూ సరిపోవు.

ప్రశ్న: మానేరు డ్యాంలో నీలకంఠ రొయ్య పిల్లల్ని ఒకేసారి వదిలారు. వలకు కొన్ని చేతంత, నీలి గోళ్లవి, కొన్ని వేలంతవి పడుతున్నాయి. సీడ్‌లో కల్తీ ఉందా? (కరీంనగర్)

జవాబు: కల్తీ లేకపోయినా అంతే. మగ నీలకంఠ రొయ్యల్లో మూడు రకాలుంటాయి, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1980ల్లో వివరంగా చూశారు. నీలి గోళ్ల పెద్దది చోటు పట్టుకుని కుబుసం విడిచిన ఆడదాన్ని కాపలా కాస్తుంది. నారింజ గోళ్లది పోట్లాటకు పోకుండా తింటూ పెరుగుతుంది, చుట్టుపక్కల ఉన్న పెద్ద నీలి గోళ్లదాన్ని మించాక గానీ రంగు మార్చదు. చిన్నది చిన్నగానే ఉండి, పెద్దాయన చూపు తప్పించి ఆడదాని దగ్గరికి దూరుతుంది. పెద్దవాటిని పట్టేస్తే చిన్నవాటిలో కొన్ని మళ్లీ పెరుగుతాయి. అందుకే చెరువు ఒకేసారి ఖాళీ చేయకుండా పెద్దవి ఏరి పడుతుంటారు.

ప్రశ్న: ఎనిమిదో తరగతి చదువుతున్నా. నాకు సాలీళ్ల మీద పరిశోధన చేయాలని ఉంది, మైక్రోస్కోప్ లేదు. (భూపాలపల్లి)

జవాబు: మైక్రోస్కోప్ వద్దు, టార్చిలైటు చాలు. చీకటి పడ్డాక ఇంట్లో పెద్దవాళ్లను తోడు తీసుకుని పొలం గట్టు మీదికి పో, టార్చిని నీ కళ్ల పక్కనే, కణత దగ్గర పట్టుకుని గడ్డి మీద వేయి. చిన్న చిన్న చుక్కలు వెలుగుతాయి. అవి మంచు బిందువులు కావు, నేల మీద వేటాడే సాలీళ్ల కళ్లు. టార్చి నడుము దగ్గర పట్టుకుంటే ఒక్కటీ కనిపించదు, ఎందుకో నువ్వే ఆలోచించి నాకు రాయి. పది అడుగుల గట్టుకు ఎన్నున్నాయో లెక్కపెట్టి, తేదీ వేసి, వారం వారం అదే గట్టును చూడు. చెప్పులతో పోకు, బూట్లు వేసుకో. గట్ల మీద కట్లపాములుంటాయి.