పుస్తకం చివరి పేజీలో వేసే అడ్రసు

తమ్ముడూ,

నీ కథల పుస్తకం ప్రెస్సుకి వెళ్ళబోతోందని, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి అందుతుందని రాశావు. ఎంత సంతోషమేసిందో! వెబ్‌సైట్ ఎలా ఉండాలో చెప్పక్కా అన్నావు కదా, నువ్వు పంపిన నమూనా నిన్న రాత్రి ఫోన్లో తెరిచి చూశాను. ముందు నీ ఫొటో, తర్వాత స్వాగత వాక్యాలు, ఆ తర్వాత సన్మానాల ఫొటోలు. నీ కథ ఒక్కటీ దొరకలేదు. పుస్తకం ఎలా కొనాలో వెతుక్కుంటూ కిందికి జరుపుతూ పోతే, అట్టడుగున కనబడింది.

నీ సైటుకి వచ్చేదెవరో ఒక్కసారి ఊహించుకో. ఆదివారం అనుబంధంలో నీ కథ చదివి, మనసాగక, పడుకునే ముందు నీ పేరు గూగుల్లో కొట్టిన మనిషి. నీది ఇంకో కథ చదవాలి, నచ్చితే పుస్తకం తెప్పించుకోవాలి. ఇంతకుమించి ఆ వేళప్పుడు ఆ మనిషికి ఏమీ అక్కర్లేదు. కాబట్టి తెరవగానే పుస్తకం అట్ట, అది దేని గురించో రెండు ముక్కలు, పోస్టేజీతో కలిపి ధర, ఆర్డర్ బటన్ కనబడాలి. దాని కిందే ఒక కథ మొత్తం పెట్టు. 'మిగతాది పుస్తకంలో చదవండి' అని మధ్యలో ఆపకు, చదివేవాళ్ళకి మనసు చివుక్కుమంటుంది. పన్నెండు కథల్లో అన్నిటికన్నా మంచిదే పెట్టు. నా పుస్తకం కోసం ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది సైట్లో కథ పూర్తిగా చదివినవాళ్ళే. ఫొటోలూ సన్మానాలూ వేరే పేజీలో ఉంటాయి, కావలసినవాళ్ళు చూస్తారు.

డీటీపీ అనూ ఫాంట్లలో చేయించానన్నావు. ఆ ఫైల్లోంచి కాపీ చేసి సైట్లో అతికిస్తే తెలుగు రాదు, ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ వస్తాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చినవి. కంటికి తెలుగు, కంప్యూటర్ లెక్కలో ఇంగ్లీషు. ఈ తలనొప్పి ఎందుకని చాలామంది పేజీల్ని ఫొటోలు తీసి పెట్టేస్తారు. అప్పుడు చదివేవాళ్ళు వేళ్ళతో పెద్దది చేసుకుని, ప్రతి లైనుకీ పక్కకి లాక్కోవాలి. కథలో మాటలు కొట్టి వెతికితే దొరకవు. చూపు లేనివాళ్ళకి ఫోన్ చదివి వినిపించడం కుదరదు. ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్పించు. మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి గానీ, మార్చాక అక్షరం అక్షరం చూసుకో. నా కథలు మార్పించినప్పుడు అక్కడక్కడ ఒత్తులు మాయమయ్యాయి. 'అమ్మ' కాస్తా 'అమ' అయిన చోటు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి ఉచితంగా ఉన్నాయి. కథకి మండలి హాయిగా ఉంటుంది, శీర్షికకి రామభద్ర నిండుగా ఉంటుంది. లైన్ల మధ్య ఖాళీ మాత్రం ఇంగ్లీషు కొలతల ప్రకారం వదలకు. 'రాష్ట్రం' అని రాస్తే ఒత్తులు కిందికి దిగుతాయి. సరిగ్గా దాని కింద 'కీ' పడితే గుడిదీర్ఘం పైకి వెళ్ళి వాటికి తగులుతుంది, రెండూ కలిసి మరకలా కనిపిస్తాయి. ఒక లైను నుంచి ఇంకో లైనుకి అక్షరం సైజుకి 1.7 రెట్లు దూరం పెట్టమని సైటు చేసేవాళ్ళకి చెప్పు. లేతబూడిద రంగు అక్షరాలు వద్దే వద్దు. మన పాఠకుల్లో అరవై దాటినవాళ్ళు ఎందరో!

డొమైన్ పేరు, అంటే సైటు అడ్రసు, సంగతి నాకు గాయంలాంటిది. నా మొదటి సైటు కట్టిన అబ్బాయి డొమైన్ తన పేరు మీదే తీసుకున్నాడు. నేనూ అడగలేదు. తర్వాత అతను ఉద్యోగం మారాడు, నంబరు మారింది, రెన్యువల్ తేదీ దాటిపోయింది. ఒకరోజు తెరిస్తే నా సైటు లేదు. నా పుస్తకం 500 కాపీల చివరి పేజీలో అచ్చయిన అడ్రసు అది. ఇప్పటికీ ఎవరింట్లోనో ఒక పాఠకురాలు ఆ పేజీ చూసి ఆ అడ్రసు కొట్టి, ఏమీ రాక ఊరుకుంటోందేమోనని అనిపిస్తుంటుంది. డొమైన్ నీ పేరు మీద, నీ ఈమెయిల్‌తో, నీ డబ్బుతో తీసుకో. పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉండాలి. స్పెల్లింగ్ కూడా ఆలోచించు. మన పేర్లని ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. 'లక్ష్మి'కి కొందరు 'కె ఎస్ హెచ్' వేస్తారు, కొందరు 'ఎక్స్' వేస్తారు. ఫోన్లో చెబితే తప్పు లేకుండా కొట్టగలిగేది ఎంచుకో. ఇంటిపేరు కలిపి మరీ పొడుగు చెయ్యకు. పుస్తకం చివరి పేజీలో ఆ అడ్రసు పక్కన క్యూఆర్ కోడ్ కూడా అచ్చువేయించు.

ఆర్డర్ తీసుకోవడానికి వాట్సాప్ నంబరు, యూపీఐ చాలు. ఆ నంబరు ఆర్డర్లకే విడిగా పెట్టుకో. పుస్తకాలు తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్‌ని తపాలా శాఖ 2024 డిసెంబరులో ఎత్తేసినప్పుడు చిన్న పుస్తకానికి కూడా పోస్టేజీ బరువైంది. అది డబ్బు కట్టేటప్పుడు బయటపడితే కొనేవాళ్ళు వెనక్కిపోతారు. అందుకే మొదటే కలిపి చెప్పమన్నాను.

వాట్సాప్‌లో లింక్ పంపితే దాంతోపాటు అట్ట బొమ్మ, పుస్తకం పేరు తెలుగులో రావాలి. ఉత్త లింకు వస్తే అదేదో మోసమనుకుని ముట్టుకోరు. బొమ్మ 1200 బై 630 పిక్సెళ్ళ సైజులో పెట్టమను. ముందు నీకు నువ్వే పంపుకుని చూడు.

చివరి పేజీ ప్రెస్సుకి ఇచ్చేలోగా ఇవన్నీ సరిచేసి నాకు లింక్ పంపు. మా చెల్లెలి దగ్గర ఆరేళ్ళనాటి ఫోన్ ఉంది, సిగ్నల్ కూడా వాళ్ళింట్లో అంతంతమాత్రమే. ఆ ఫోన్లో తెరిపించి, నీ కథ తనచేత చదివించి, అక్కణ్ణించే ఆర్డర్ పెట్టిస్తాను. ఎక్కడ ఆగిపోయిందో నీకు ఫోన్ చేసి చెబుతాను.

ప్రేమతో,
అక్క