ఎక్కే ముందు దిగే దారి చూసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

సూదుల్లా నిలబడ్డ గ్రానైట్ శిఖరాలు ఎక్కాలని ఉంది, తేలికైన రూట్లు చెప్పమని రాశావు. సంతోషమేసింది. కానీ జిమ్‌లోని ఎక్కుడు గోడ మీద 5.9 కష్టమున్న రూట్ ఎక్కుతున్నాను, బయట అంతకన్నా తేలికైన 5.7 నల్లేరు మీద నడకే కదా అన్నావు. ఆ మాట దగ్గర మాత్రం నాకు గుండె ఝల్లుమంది.

5.7 అనే అంకె ఆ రూట్లో అన్నిటికన్నా గట్టి అడుగు ఎంత కష్టమో చెబుతుంది. జారితే ఏమవుతుందో చెప్పదు. గైడ్‌బుక్‌లో అంకె పక్కన 'ఆర్' ఉంటే, పడితే తీవ్రమైన గాయాలవుతాయని అర్థం. 'ఎక్స్' ఉంటే ప్రాణానికే ముప్పు. అమెరికాలో సౌత్ డకోటాలోని నీడిల్స్ చూడు. 5.6, 5.7 రూట్లకు కొదవ లేదు. కానీ అక్కడ పట్టుకునేవి ఎక్కువగా రాతిలోంచి పొడుచుకొచ్చిన స్ఫటికాలు. కింది నుంచి ఎక్కుతూ, నిలదొక్కుకున్న చోట బోల్టు, అంటే తాడు తగిలించుకునే మేకు, రాతిలో కొట్టుకుంటూ వేసిన దారులవి. అందుకే బోల్టుకూ బోల్టుకూ చాలా ఎడం. తొలి ఏడాది అక్కడ లీడ్ చెయ్యొద్దు, అంటే తాడు తీసుకుని ముందు నువ్వు ఎక్కొద్దు.

నీకు కావలసింది నిడుపాటి పగులున్న రూట్. భయమేసిన చోటల్లా పగుల్లో ఇరికించి తాడు తగిలించుకునే లోహపు పనిముట్లు, నట్టో కామో, పెట్టుకోవచ్చు. యోసెమిటీ పార్కులో టువాలమీ దగ్గరి కెథడ్రల్ పీక్ ఆగ్నేయ ముఖం 5.6. మంచి పగుళ్లు, ఆగి ఊపిరి తీసుకునే చోట్లు ఉన్నాయి. కెనడా బుగాబూస్‌లో పిజన్ స్పైర్ పడమటి గట్టు 5.4 మాత్రమే. అయితే మంచునది దాటి వెళ్లాలి, ఆ విద్య వేరే నేర్చుకోవాలి.

కామ్ పెట్టే ముందు పగులు అంచుని అరచేత్తో తట్టు. ఖణేల్‌మంటే సరే. డొల్లగా మోగితే ఆ పలక ఊడే రకం, దాని వెనక ఏదీ పెట్టకు.

ఇక దిగడం. సూది శిఖరానికి నడిచి దిగే దారి సాధారణంగా ఉండదు, తాడు మీద జారుతూ దిగే రాపెల్ ఒక్కటే గతి. 60 మీటర్ల తాడు రెండు పేటలు చేస్తే దిగేది 30 మీటర్లే. ఒకసారి శిఖరం మీద ఎవరో వదిలిన స్లింగ్, అంటే రాపెల్ తాడు వేసేందుకు రాతికి కట్టే పట్టీ, దొరికింది. పైకి తెల్లగా వెలిసి, ఎండుగడ్డిలా బిరుసెక్కింది. ముడి కాస్త వదులు చేస్తే లోపల ఎర్రరంగు కనబడింది. ఎండ దాన్ని ఎంత తినేసిందో అప్పుడు తెలిసింది. కోసేసి కొత్తది కట్టుకుని దిగాను. నువ్వూ ఆరేడు మీటర్ల స్లింగ్ తాడు, ఒక కత్తి దగ్గరుంచుకో. పాతకాలపు పావు అంగుళం బోల్టు ఒక్కదానికే ఎప్పుడూ వేలాడకు. తాడు కొసలకు రెండు వైపులా ముడి వెయ్యి. మొదట దిగినవాళ్లు కింద నుంచి తాడు లాగి, కదులుతోందని చెప్పాకే రెండోవాళ్లు దిగాలి.

తెల్లవారకముందే బయలుదేరు. ఎండాకాలం మధ్యాహ్నాలు మబ్బు కమ్మితే పిడుగు ముందుగా చూసేది ఆ మొననే. ఒక్కో తాడు విడతలో ఎక్కే పిచ్‌లు రెండే మిగిలినా సరే, వెనక్కి తిరుగు.

ఏ రూట్ ఎంచుకున్నావో, జతగా ఎవరొస్తున్నారో, ఎక్కడెక్కడ రాపెల్ చేస్తావో కాగితం మీద గీసి పంపు. చూసి జవాబు రాస్తాను, అప్పటిదాకా ఆగు.

మీ పెదనాన్న