ఆరోగ్యశ్రీ ఉన్నా మందులకు చేతి డబ్బు ఎందుకు పెట్టుకోవాల్సి వస్తోంది?

ఎందుకంటే ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద వైద్యానికి పెట్టిన పథకం. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మొదలుపెట్టింది. జాబితాలో ఉన్న ప్రతి చికిత్సకూ ఒక ప్యాకేజీ ధర ఉంటుంది, ఆ డబ్బు నేరుగా ఆసుపత్రికే వెళ్తుంది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే గతి ఎన్నో ఇళ్లకు తప్పింది. అది చిన్న మేలు కాదు.

కానీ బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా వేసుకోవాల్సినవి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు గానీ, అక్కడ స్టాక్ లేకపోతే బయట కొనాల్సిందే. మా వీధిలో కూలికెళ్లే ఒక పెద్దమ్మ, మందుల షాపులో పది మాత్రల షీటును సగానికి కత్తిరించి ఇమ్మని అడగడం చూశాను. మిగతా సగం కూలి డబ్బులొచ్చాక. ఇలా మాత్రలు మానేసినవాళ్లకే పక్షవాతం వచ్చే ముప్పు ఎక్కువ. అప్పుడు మాత్రం వేలకు వేలు ప్రభుత్వమే కడుతుంది!

2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ వైద్య ఖర్చు పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచింది. మంచిదే. అయితే నా దృష్టిలో ముందు పెంచాల్సింది పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) మందుల స్టాకు.

ఇక ఆరోగ్యశ్రీకి అర్హత సంగతి. పథకం ఆదాయ పరిమితికి కాస్త పైన ఉన్న చిరుద్యోగికి, ఇన్సూరెన్స్ లేకపోతే, ఒక్క ఆపరేషన్‌తోనే అప్పులు మొదలవుతాయి.