రూటర్‌లో ఫిల్టర్ పెట్టినా ట్యాబ్‌లో సైట్లు తెరుచుకుంటుంటే

రూటర్‌లో డీఎన్‌ఎస్‌గా (సైటు పేరు అడిగితే దాని చిరునామా చెప్పే సర్వర్) పెద్దల సైట్లను ఆపే క్లౌడ్‌ఫ్లేర్ వారి 1.1.1.3 పెట్టినా మీ అబ్బాయి ట్యాబ్‌లో పెద్దల సైట్లు తెరుచుకుంటున్నాయని రాశారు. కంగారు పడకండి, మీరు మొదలుపెట్టిన దారి సరైనదే. ముందు రెండో డీఎన్‌ఎస్ గడి చూడండి. అక్కడ ఫిల్టర్ లేని గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 మిగిలిపోతే ఫిల్టర్‌కు పక్కదారి ఉన్నట్టే, దాని బదులు అదే ఫిల్టర్ రెండో చిరునామా 1.0.0.3 పెట్టండి. ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి) ఆన్‌లో ఉంటే దాని డీఎన్‌ఎస్ గడులు వేరుగా ఉంటాయి, వాటినీ మార్చాలి.

అసలు చిక్కు చాలాసార్లు బ్రౌజర్‌లోనే ఉంటుంది. అందులో ‘సురక్షిత డీఎన్‌ఎస్’ వేరే సర్వర్‌కు పెట్టి ఉంటే, అది రూటర్‌ను అడగకుండా నేరుగా ఆ సర్వర్‌నే అడుగుతుంది. దాన్ని ఆపండి. ట్యాబ్ సెట్టింగుల్లో ‘ప్రైవేట్ డీఎన్‌ఎస్’ కూడా ఇలాగే వేరే సర్వర్‌కు పెట్టి ఉందేమో చూడండి, ఉంటే ఆపండి. ఇవన్నీ బాబుకు చెప్పే చేయండి, చాటుగా వద్దు. ట్యాబ్‌లో సిమ్ ఉంటే మొబైల్ డేటాకు ఈ ఫిల్టర్ వర్తించదు. మార్చాక ట్యాబ్‌ను ఒకసారి ఆపి ఆన్ చేసి పరీక్షించండి.